త్రేస్యామ్మ టీచర్ కంప్యూటర్ క్లాసు

కొళుందుమల, ఇడుక్కి జిల్లా
జూన్ 2006

ప్రసీతకు,

ఈ ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం క్షేమం. సజి ఓడ ఇప్పుడు ఏ సముద్రంలో ఉందో నాకంటే నీకే బాగా తెలుసు. నేను రాస్తున్నది బడి పని మీద. వేరే సంగతులేవీ ఇందులో కలపను. నువ్వూ కలపకు.

మా బడిలో కంప్యూటర్లు చూసుకునే లెక్కల టీచర్‌కు బదిలీ అయింది. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. స్టాఫ్ మీటింగులో హెడ్‌మాస్టర్ కురియాకోస్ సార్ ఆ పని ఎవరు తీసుకుంటారని అడిగారు. సైన్సు సార్‌కు నడుంనొప్పి. హిందీ టీచర్‌కు చంటిబిడ్డ. జల్లు లోపలికి కొడుతుంటే నేను లేచి కిటికీ వేసి వచ్చాను. వచ్చి కూర్చునేసరికి అందరూ నా వైపు చూసి చప్పట్లు కొడుతున్నారు. ఉద్యోగమంతా సాంఘికశాస్త్రం చెప్పి, వచ్చే మార్చిలో రిటైరయ్యే మనిషిని పట్టుకుని కంప్యూటర్ టీచర్‌ని చేసేశారు.

తొమ్మిదో తరగతి పుస్తకంలో ‘ఆపరేటింగ్ సిస్టమ్’ అని ఒక పాఠం ఉంది. ఎన్నిసార్లు చదివినా ‘మరియు’ అన్న మాట ఒక్కటే అర్థమవుతోంది. అయినా ధైర్యం చేసి క్లాసుకు వెళ్ళి, కంప్యూటర్‌ని నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్ అని చదివి వినిపించాను. జోబిన్ అనే గడుగ్గాయి లేచి, “టీచర్, అది పెట్టెలో ఏ మూల ఉంటుంది?” అన్నాడు. “రేపు చూపిస్తా, కూర్చో” అన్నాను. సాయంత్రం ప్యూన్ దగ్గర స్క్రూడ్రైవర్ తీసుకుని పెట్టె విప్పాను. పచ్చటి రేకులున్నాయి, దుమ్ముంది, ఒక చచ్చిన బల్లి ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ కనపడలేదు.

నువ్వు పాలిటెక్నిక్‌లో ఇవే పాఠాలు చెబుతావని సజి ఒకసారి అన్నట్టు గుర్తు. అదేమిటో, ఎక్కడుంటుందో, దేనికో రాసి పంపు. వానలకు ఫోను తీగలు తెగి పడున్నాయి. ఉత్తరమే రాయాలి.

త్రేస్యామ్మ
(సజి తల్లి)

*

కన్నూర్
జూలై 2006

గౌరవనీయులైన టీచర్ గారికి,

ప్రసీత నమస్కరించి రాయునది. మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా, కంప్యూటరు యంత్రభాగములకును, దానిని వాడువారికిని నడుమ నుండి, రెంటిని సమన్వయపరచు ప్రోగ్రాముల సముదాయము. దీని ముఖ్య విధులు: పనుల నిర్వహణ, జ్ఞాపకశక్తి నిర్వహణ, ఫైళ్ళ నిర్వహణ, పరికరముల నిర్వహణ. ఒక్కొక్కదానిని గూర్చి వివరములు, బొమ్మలు వేరు కాగితాలపై జతపరిచాను.

అది యంత్రభాగము కాదు కనుక పెట్టె విప్పినా కనపడదు. డిస్కు అనబడు భాగముపై రాసి ఉంటుంది.

బల్లి గురించి: లోపల వెచ్చగా ఉంటుందని దూరుతాయట. మూత ఎప్పుడూ బిగించి ఉంచండి. విప్పేముందు ప్లగ్ తీయండి. తీయకుండా విప్పలేదు కదా? దయచేసి తీయండి.

ఇట్లు,
ప్రసీత

*

కొళుందుమల
జూలై 2006

ప్రసీతకు,

నీ ఉత్తరం, జతపరిచిన కాగితాలు అందాయి. ఉన్నదున్నట్టు క్లాసులో చదివాను. ‘పరికరముల నిర్వహణ’కు వచ్చేసరికి వెనక బెంచీ అంతా నిద్రపోయింది. ముందు బెంచీ మర్యాద కోసం కళ్ళు తెరుచుకుని నిద్రపోయింది. వాన చప్పుడు కూడా కారణమేలే.

మొహమాటం నాకు చేతకాదు, సజి చెప్పే ఉంటాడు. నువ్వు సర్కారు జీవో రాసినట్టు రాశావు. అందులో నిజంగా నువ్వు రాసినట్టున్న ముక్క ఒక్కటే. ప్లగ్ తీయండి అన్నది. మిగతాదీ అలా రాయి.

నాకు తెలిసిన దారిలో నేనూ ప్రయత్నించాను. అది రాజ్యంలో ప్రభుత్వం లాంటిది, ఎవరికి ఏం కావాలో చూసి పంచుతుంది అని చెప్పాను. నౌషాద్ చెయ్యెత్తాడు.

“దానికి ఎవరు ఓటేశారు టీచర్?”

“ఎవరూ వెయ్యలేదు.”

“అయితే అది ప్రభుత్వం కాదు టీచర్, ఎమర్జెన్సీ.”

పాఠం అక్కడితో ఆగింది. నేను చెప్పిన చరిత్రే నాకు అడ్డం తిరిగింది.

వాళ్ళు అడిగినదాంట్లో నాకూ తెలుసుకోవాలని ఉన్నది ఒకటుంది. పెట్టెకు బుర్ర ఒక్కటే అని నీ కాగితాల్లో ఉంది. మరి పాట వస్తుంటే, బొమ్మ గీస్తుంటే, ప్రింటరు అచ్చేస్తుంటే, ఆ ఒక్క బుర్ర అన్నీ ఒకేసారి ఎలా చేస్తుంది? నాకు కూర చూస్తే అన్నం మాడుతుంది.

త్రేస్యామ్మ

*

కన్నూర్
ఆగస్టు 2006

టీచర్ గారికి,

మీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. పక్కింటివాళ్ళు తొంగి చూశారు. ఈసారి పుస్తకం మూసేసి రాస్తున్నాను.

మా నాన్న మగ్గం నేస్తారు. రంగురంగుల పూల అంచు దుప్పటి నేసేటప్పుడు ఆయన పక్కన అడ్డపోగు దారం చుట్టిన నాడెలు ఉంటాయి, ఎరుపు నాడె, పచ్చ నాడె, తెల్ల నాడె. చేతులు మాత్రం రెండే. ఎరుపు ఒక పోగు వేసి ఆపుతారు. పచ్చ అందుకుంటారు. అది ఆపి తెలుపు. మళ్ళీ ఎరుపు. ఏ రంగు ఎక్కడ ఆగిందో ఆయనకు గుర్తు. దూరంగా నిలబడి చూసేవాళ్ళకు పువ్వంతా ఒక్కసారే విచ్చుకుంటున్నట్టుంటుంది. పెట్టెలో జరిగేదీ అంతే. పాటకు రవ్వంతసేపు, బొమ్మకు రవ్వంతసేపు. మన కన్ను అందుకోలేనంత వేగం. ఇప్పుడెవరి వంతు, ఎవరు ఎక్కడ ఆగారు అని చూసుకునేది ఆపరేటింగ్ సిస్టమ్.

దీన్ని పిల్లలతో ఆడించవచ్చు. ఒకడిని బల్ల దగ్గర కూర్చోబెట్టండి, వాడు బుర్ర. ముగ్గురు మూడు పనులు తెస్తారు. ఇంకొకరి చేతిలో ఈల. ఈల ఊదగానే చేస్తున్నది ఆపి తరవాతి పని అందుకోవాలి.

జ్ఞాపకం సంగతి: పనిచేస్తున్నంతసేపూ సామాను బల్ల మీద ఉంటుంది. దాచుకోవాలంటే బీరువాలో పెట్టాలి. కరెంటు పోతే బల్ల ఖాళీ అయిపోతుంది. బీరువా అలాగే ఉంటుంది.

అన్నం మాడకుండా కూర చూడటం నాకూ రాదు.

ప్రసీత

*

కొళుందుమల
సెప్టెంబరు 2006

ప్రసీతా,

ఆడించాను! జోబిన్‌ని బుర్రను చేశాను. వాడు ఒకేసారి ఎక్కం చెప్పాలి, ఏనుగు బొమ్మ గీయాలి, పాట పాడాలి. ఈల పేచ్చియమ్మకిచ్చాను. వెనక బెంచీలో ఉంటుంది. టీ ఎస్టేటు లైన్ల నుంచి, అంటే కూలీల ఇళ్ళ వరసల నుంచి, వచ్చే తమిళ పిల్ల. మా క్లాసులో అలాంటివాళ్ళు బెంచీడు మంది ఉన్నారు. ఇంట్లో తమిళం, బడిలో మలయాళం. పిలిస్తే లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు, అంతే. ఆ పిల్ల గొంతు నేను అప్పటిదాకా వినలేదు కానీ ఈల మాత్రం విన్నాను. ఎంత కచ్చితంగా ఊదిందంటే, జోబిన్ ఏనుగుకు తొండం గీస్తూ “ఏడేళ్ళు...” అని, పాటలోకి దూకి, మళ్ళీ తోక దగ్గరికొచ్చి, “నలభై తొమ్మిది” అని కిందపడి నవ్వాడు. పక్క క్లాసు సార్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. తిట్టడానికి వచ్చినవారు చూస్తూ ఉండిపోయారు.

బల్ల-బీరువా పాఠం నేను చెప్పనక్కర్లేకపోయింది. పిల్లలు తేయాకు తోట మీద వ్యాసం టైపు చేస్తుంటే ఉరిమింది, కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే ఎవరి వ్యాసమూ లేదు. ఒకటే ఏడుపు. పేచ్చిది మాత్రం ఉంది. “నీది ఎలా ఉంది?” అన్నాను. “మబ్బు చూసి బీరువాలో పెట్టేశా టీచర్” అంది. సంవత్సరంలో ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట అది.

ఒక సంగతి. నీ ఉదాహరణలన్నీ దారాలే ఎందుకు?

ఇంకో సంగతి. వేరేవి కలపనని జూన్‌లో రాశాను, గుర్తుంది. అయినా అడుగుతున్నా. ఓణం పండక్కి ఒక్కదానివే ఉంటావా?

త్రేస్యామ్మ

*

కన్నూర్
సెప్టెంబరు 2006

టీచర్ గారికి,

ఓణానికి నాన్న దగ్గరికి వెళ్ళాలనుకున్నాను. జ్వరం వచ్చి వెళ్ళలేదు. మధ్యాహ్నం పక్కింటివాళ్ళు అరిటాకులో అన్నీ పెట్టి పంపారు. సాయంత్రం సజి ఫోను చేశాడు. మీ ఉత్తరం వచ్చింది ఆ మర్నాడే. ఏనుగు తొండం దగ్గర నవ్వి నవ్వి దగ్గొచ్చింది. జ్వరం కూడా దిగిందనే చెప్పాలి.

పేచ్చి గురించి మళ్ళీ రాయండి.

దారాల సంగతి ఏదో అలవాటు, టీచర్. చిన్నప్పటి నుంచి చూసినవి కదా.

ప్రసీత

*

కొళుందుమల
అక్టోబరు 2006

ప్రసీతా,

పేచ్చి గురించి రాయమన్నావు, అది తరవాత. గొడవైంది.

ప్రింటరు తగిలించిన కంప్యూటర్ ఒకటి హెడ్‌మాస్టర్ కూడా వాడతారు. పదో తరగతి పరీక్షలకు వెళ్ళే పిల్లల పేర్లు ఆ రోజు సాయంత్రానికి జిల్లా ఆఫీసుకు పంపాలి. కురియాకోస్ సార్ కూర్చుని తెరిస్తే పైనున్న మాటలన్నీ తమిళం. ఆయనకు తమిళం మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ప్రింట్ ఎక్కడుందో తెలియక నొక్కకూడనివన్నీ నొక్కారు. “వైరస్! వైరస్!” అని కారిడార్లో కేకలు. జిల్లా ఆఫీసుకు కాగితాలు తీసుకెళ్ళే జీపు వెళ్ళిపోయింది. పేర్లు మర్నాడు వెళ్ళాయి. జిల్లా ఆఫీసు నుంచి ఆయనకు అక్షింతలు పడ్డాయి.

తల్లిదండ్రుల సంఘం ప్రెసిడెంటు వర్కీ, యాలకుల తోటల వర్కీ, ఊరుకుంటాడా? “లైన్ల పిల్లలు వేలు పెట్టినందుకే ఇదంతా. గదికి తాళం వెయ్యండి సార్. పదో తరగతివాళ్ళకు మాత్రం తియ్యండి” అన్నాడు. ఇప్పుడు తాళం పడింది. వచ్చే నెల సంఘం మీటింగులో తేలుస్తారట.

తోటల్లో ఏ పురుగు పడితే ఏం చల్లాలో నాకు తెలుసు. ఇది ఏ పురుగో చెప్పు. వెంటనే రాయి.

త్రేస్యామ్మ

*

కన్నూర్
అక్టోబరు 2006

టీచర్ గారూ,

అది పురుగూ కాదు, రోగమూ కాదు! ఎవరో చాలా తెలివైన పని చేశారు.

మన బళ్ళలో పెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరైనా విప్పి చూసుకోగలిగే రకం. ఎన్నో భాషలవాళ్ళు దాన్ని విప్పి తమ మాటలు అందులో రాసి పెట్టారు. మలయాళం, తమిళం రెండూ దానిలోనే ఉన్నాయి. మొదట పేరు, పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే ‘భాష’ అని ఉంటుంది. అక్కడ ఎంచుకుంటే చాలు. దేన్నీ పాడుచేయలేదు. అదే చోట మలయాళం ఎంచుకుంటే తిరిగి వచ్చేస్తుంది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, మీ బడిలో అందరూ ఒకే పేరుతో లోపలికి వెళ్తున్నారు. హెడ్‌మాస్టర్ గారూ, పిల్లలూ ఒకే గదిలో కాపురమున్నట్టు. ఆ పద్ధతి తప్పు. ప్రతివాళ్ళకూ వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు. యంత్రం ఒకటే. ఎవరి గది వారిది. ఒకరి గదిలో గోడకు రంగు మారిస్తే ఇంకొకరి గది మారదు. ఒకరి కాగితాలు ఇంకొకరు ముట్టుకోలేరు. ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఎలా చేయాలో వేరే కాగితం మీద రాశాను. జీవోలా లేదు, చూడండి.

ఎవరు చేశారో కనుక్కున్నారా? కోప్పడకండి.

ప్రసీత

*

కొళుందుమల
నవంబరు 2006

ప్రసీతా,

కనుక్కోనక్కర్లేకపోయింది. క్లాసులో అడగ్గానే పేచ్చి లేచింది.

“నేనే టీచర్.”

“ఎందుకు చేశావే?”

“చదువుకుందామని. మలయాళం అక్షరాలు నాకు మెల్లగా వస్తాయి. నేను ఒక మాట చదివేలోగా జోబిన్ మూడు నొక్కేస్తాడు.”

“హెడ్‌మాస్టర్ గారి కంప్యూటరే దొరికిందా నీకు?”

“అదొక్కటే ఖాళీగా ఉంటుంది టీచర్. అందరూ మధ్యాహ్నం గంజి తాగడానికి వెళ్ళినప్పుడు.”

వాళ్ళ బెంచీ అంతా తలలు దించుకుంది. జోబిన్ మొహం ఎర్రబడింది. నేను పుస్తకం మూసి బయటికి వెళ్ళి వరండాలో నిలబడ్డాను. ఆ పిల్ల అన్నం మానుకుని నేర్చుకుంది. నా పాఠం అర్థం చేసుకోవడానికి.

కురియాకోస్ సార్‌కు నీ కాగితం చూపించాను. “మనకు తెలియని పనులు పెట్టుకోకండి టీచర్. మార్చిలో మీరు హాయిగా వెళ్ళిపోతారు, నేను జవాబు చెప్పుకోవాలి” అన్నారు. వర్కీ అయితే, “ఏ కంప్యూటర్ ఎక్స్‌పర్ట్ చెప్పాడు మీకు?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “నా కోడలు! పాలిటెక్నిక్‌లో చెబుతుంది. మీటింగుకు వస్తుంది, అప్పుడడుగు” అనేశాను.

ఊళ్ళో ‘నా కోడలు’ అన్న మాట నా నోట వినడం అందరికీ అదే మొదలు. నాకూ అదే మొదలు. సైన్సు సార్ చేతిలోని టీ ఒలికింది.

నెలాఖరు శనివారం మీటింగు. రా.

త్రేస్యామ్మ

*

కన్నూర్
నవంబరు 2006

అమ్మా,

ఇలా పిలవవచ్చో లేదో తెలియదు. ఈ ఉత్తరం చదివాక వద్దంటే మానేస్తాను.

నేను పాలిటెక్నిక్‌లో చెప్పేది కంప్యూటర్లు కాదు. నేతపని. నూలు, మగ్గం, అద్దకం. సజి ఏమన్నాడో, మీరేం విన్నారో నాకు తెలియదు. జూన్‌లో మీ ఉత్తరం వచ్చింది. మీకు ఇష్టం లేకుండా మా పెళ్ళయ్యాక మీ దగ్గర నుంచి వచ్చిన మొదటి ఉత్తరం. అందులో నన్ను ఒకటి అడిగారు. నాకు తెలియదు అని రాస్తే అక్కడితో అయిపోయేది. అలా రాయబుద్ధి కాలేదు.

కంప్యూటర్ విభాగంలో సుల్ఫత్ అని స్నేహితురాలుంది. దాని పుస్తకాలు పట్టుకొచ్చాను. మొదటి ఉత్తరం మొత్తం పుస్తకంలోంచి దించాను, అందుకే అలా తగలడింది. తరవాత సాయంత్రాలు దాని ల్యాబ్‌లో కూర్చుని నేర్చుకున్నాను. మీ పిల్లలకంటే ఒక్క పాఠం ముందుండేదాన్ని. ఒక్కోసారి అదీ లేదు. తెర తమిళంలోకి మారిందని మీరు రాశాక, ఎలా మార్చాలో నేను నేర్చుకున్నాను.

నన్ను నలుగురి ముందు ఎక్స్‌పర్ట్ అని నిలబెట్టకండి. మీ మాట పోతుంది. సుల్ఫత్‌ని పంపమంటే పంపుతాను, అది నిజంగా చదువుకుంది.

ప్రసీత

*

కొళుందుమల
నవంబరు 2006

అమ్మాయీ,

నాకు ఆగస్టు నుంచే తెలుసు.

ఫోను బాగుపడగానే సజి సింగపూర్ నుంచి మాట్లాడాడు. నువ్వెంత బాగా పాఠాలు పంపుతున్నావో చెప్పాను. “అమ్మచ్చీ, నీకు మతిపోయిందా? దానికి కంప్యూటర్ ఆన్ చేయడం నేను నేర్పాను. అది చెప్పేది మగ్గాలు!” అన్నాడు. ఎంత గట్టిగా నవ్వాడో! దారాల సంగతి అడిగి నేను నిన్ను ఆటపట్టించాను, నువ్వు పట్టుకోలేదు. నీకు ఈ మాట చెప్పొద్దని వాడికి ఒట్టు పెట్టాను. చెబితే నువ్వు సిగ్గుపడి ఉత్తరాలు మానేస్తావు. అప్పుడు నాకు శనివారాలు పోస్ట్‌మాన్ కోసం గేటు దగ్గర నిలబడే పని ఉండదు.

సుల్ఫత్ వద్దు. ఆమె చదువుకున్నది చదువుకుంది. నువ్వు నా మాట కాదనలేక ఒక శాస్త్రం నేర్చుకున్నావు. వర్కీ ముందు నాకు కావలసింది నువ్వే. తెలియనిది అడిగితే తెలియదని చెప్పు. నేను ఈ ఏడాదంతా చెబుతున్నది అదే.

శుక్రవారం రాత్రి బస్సెక్కు. పైన చలి, స్వెట్టర్ తెచ్చుకో.

అమ్మచ్చి
(అమ్మా అంటే నాకు ఎవరినో పిలిచినట్టుంది. సజి పిలిచినట్టే పిలువు)

*

కొళుందుమల
డిసెంబరు 2006

ప్రసీత మోళే, నా బిడ్డా,

హర్తాళ్ అని బస్సులు ఆపినవాళ్ళ నోట్లో మన్నుపడ! ఏడాదిలో అన్ని రోజులుండగా నీ బస్సు రోజే దొరికిందా వాళ్ళకు? నువ్వు స్టాండులో అర్ధరాత్రి దాకా కూర్చుని తిరిగి వెళ్ళావని సుల్ఫత్ ఫోనులో చెప్పింది. ఏడవకు. జరిగింది విను.

కొండ మీద హర్తాళ్‌ను ఎవరూ లెక్కచేయరు. అందరూ నడిచి వచ్చారు. వర్కీ ముందు కుర్చీలో కూర్చుని, “ఏరీ ఎక్స్‌పర్ట్?” అన్నాడు. “రాలేదు. నేనున్నాను” అని లేచాను. రాత్రే ప్యూన్‌తో తాళం తీయించి, నీ కాగితం చూసి అందరికీ పేర్లు పెట్టి ఉంచాను. ఒక్కటీ తప్పు పోలేదు. పేచ్చిని పిలిచాను. ఆ పిల్ల జోబిన్ వైపు చూసింది. జోబిన్ లేచి కుర్చీ జరిపాడు. కూర్చుంది.

ముందు కురియాకోస్ సార్‌ని ఆయన పేరు కొట్టమంది. తెరంతా మలయాళం. ఆయన పట్టికలు ఆయనకు కనిపించాయి. తరవాత తన పేరు కొట్టింది. అంతా తమిళం. “ఇప్పుడు సార్ కాగితాలు తెరువు” అన్నాను. తెరవబోయింది. అనుమతి లేదని వచ్చింది. మళ్ళీ సార్ పేరు. మలయాళం. గదిలో “ఓ...” అన్నారు. నాకు చెప్పాలనిపించి, ఆపరేటింగ్ సిస్టమ్ పని ఇదే, ఒక్క యంత్రాన్ని ఇందరూ ఒకరి కాలు ఒకరు తొక్కకుండా వాడుకునేట్టు చూడటం అన్నాను. ఎవరూ నిద్రపోలేదు.

వెనక గోడకానుకుని ఎస్టేటు ఆడవాళ్ళు నిలబడ్డారు. సగం రోజు ఆకు కోసి వచ్చారు. పేచ్చి వాళ్ళమ్మను ముందుకు రమ్మని పిలిచింది. ఆమె తలకు కట్టుకున్న గుడ్డ తీసి, చేతులు తుడుచుకుని, తెర దగ్గరికి వంగింది. వేలు ఆనించకుండా గాల్లో జరుపుతూ ఒక్కొక్క మాటే పైకి చదివింది. ఫైలు, తెరువు, దాచు, మూసివేయి. చదివి నా వైపు తిరిగి, “టీచర్, ఇది మా మాటే!” అంది. పెద్దగా అంది, తిట్టినట్టు. ఆ తరవాత నవ్వింది. వెనకున్నవాళ్ళందరూ నవ్వారు.

వర్కీ దగ్గి, “నాకూ ఒక పేరు పెట్టొచ్చా టీచర్?” అన్నాడు. “నువ్వు తొమ్మిదిలో చేరు, పెడతా” అన్నాను. హెడ్‌మాస్టర్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. తాళంచెవి అక్కడే నా చేతికిచ్చారు.

క్రిస్మస్ సెలవులు ఇచ్చేశారు. జనవరిలో మూడో పాఠం ‘నెట్‌వర్క్’ అట. నాకు ఏమీ తెలియదు, నీకూ తెలిసి ఉండదు. ఉత్తరాల్లో కుదిరే పని కాదు. శుక్రవారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకున్నాను. పుస్తకం, మిరియాలు, కొంచెం ప్లమ్ కేకు తెస్తున్నాను. మీ ఇంటికి దారి నాకు తెలియదు. ఎవరినీ అడగను. తెల్లవారేసరికి నువ్వే బస్‌స్టాండుకు రా.

నీ అమ్మచ్చి